మూడు గదులకు తాళం వేసిన ఇంట్లో ఇద్దరం: ఎక్కడ మొదలుపెట్టాలి?

మేడగది

నాకు 66 ఏళ్లు, మా వారికి 71. ఈ రెండంతస్తుల ఇంట్లో 31 ఏళ్లుగా ఉంటున్నాం. పిల్లలిద్దరూ వెళ్లి పదేళ్లు దాటింది. పై అంతస్తులో మూడు గదులకు తాళం వేసే ఉంటుంది. నెలకోసారి తాళాలు తీసి, దుమ్ము దులిపి, మళ్లీ వేసి వస్తాను. పోయిన నెల ఆ పని ముగించి దిగుతుంటే, ఎవరూ పడుకోని మంచాల దుమ్ము ఎవరి కోసం దులుపుతున్నానా అనిపించి మెట్టు మీదే కూర్చుండిపోయాను.

నేల అంతస్తులో రెండు గదుల ఇల్లు ఏదైనా చూసుకుని మారిపోదామని నేను అంటున్నాను. ఆయన కాదనరు, సరే అనీ అనరు. "చూద్దాం" అంటారు. ఆ మాట వింటూ నాలుగేళ్లయింది.

నిజం చెప్పాలంటే సామాను సంగతి తలచుకుంటే నాకూ చేతులాడవు. అటక మీద మా అత్తగారి ట్రంకు పెట్టె, పిల్లల బడి పుస్తకాలు, నా కుట్టుమిషను, ఆయన పనిముట్లు, ఎనిమిది ఆల్బములు, పెళ్లికి ముందూ తర్వాతా మేమిద్దరం రాసుకున్న ఉత్తరాలు. మొన్న ఆదివారం ధైర్యం చేసి ఆల్బములతో మొదలుపెట్టాను. చీకటి పడేసరికి నేలంతా ఫోటోలు పరచుకుని ఏడుస్తూ ఉన్నాను. ఒక్కటి కూడా తీసేయలేకపోయాను.

ఈ దశ దాటినవారు ఎక్కడ మొదలుపెట్టారో చెప్పండి.

పాతకలం

మేడగది గారూ, మీరు చివర పట్టుకోవలసినదాన్ని ముందు పట్టుకున్నారు. ఫోటోలు, ఉత్తరాలు అన్నిటికన్నా ఆఖరున. నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని, 74 ఏళ్లు. మూడేళ్ల క్రితం నేనూ నా భార్యా మీలాంటి ఇంటి నుంచే చిన్న ఇంటికి వచ్చాం.

మేము ముందు ఒకే పనికి రెండు మూడు ఉన్న వస్తువులను పట్టుకున్నాం. మా ఇంట్లో 5 కత్తెరలు, 4 టార్చిలైట్లు, 7 గొడుగులు తేలాయి. వాటితో ఎవరికీ జ్ఞాపకాలు ఉండవు కాబట్టి చేయి తిరగడానికి అవే మంచివి. రోజుకు ఒక్క సొరుగు, అంతకు మించి వద్దు. సొరుగును మంచం మీద బోర్లించి, ఖాళీ సొరుగులోకి కావలసినవి మాత్రం తిరిగి పెట్టండి. పారేయవలసినవి వెతకడం మొదలుపెడితే ప్రతి వస్తువు తరఫునా మనమే వాదిస్తాం. కావలసినవి ఏరుకోవడమైతే చేయి దానంతట అదే కదులుతుంది.

ఇది మీ బలహీనత అనుకోకండి. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో విద్యార్థుల్లో సగం మందికి కాఫీ కప్పులు ఇచ్చి ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు రానివారిని ఎంతకు కొంటారని అడిగారు. అమ్మేవారు చెప్పిన ధర కొనేవారు ఇస్తామన్న దానికి రెట్టింపు దాకా ఉంది. కాసేపటి క్రితం చేతికొచ్చిన కప్పును వదలడమే అంత కష్టమైతే, 31 ఏళ్ల ఇల్లు ఒక్క ఆదివారంలో కదులుతుందా?

ఉత్తరగాలి

నాకు 43. ఈ చర్చలో అందరికన్నా చిన్నదాన్నేమో. కానీ అవతలి వైపు నుంచి ఒక మాట చెప్పాలి.

మా అమ్మ రెండేళ్ల క్రితం ఉన్నట్టుండి పోయింది. అద్దె ఇల్లు. ఖాళీ చేయడానికి నాకు 20 రోజులు దొరికాయి. సరిగ్గా ఏడవడానికి కూడా చాలని ఆ రోజుల్లో నేను అట్టపెట్టెలు కట్టాను. ఏ కాగితం ముఖ్యమో, ఏ తాళంచెవి దేనిదో తెలియదు. ఒక డబ్బా నిండా తాళంచెవులే ఉన్నాయి, వాటిలో మూడింటికి తప్ప తాళాలు దొరకలేదు. బీరువా అడుగున కాగితంలో చుట్టిన పసిపిల్లవాడి చొక్కా కనిపించింది. మా ఇంట్లో మగపిల్లలు లేరు. అది ఎవరిదో చెప్పగల ఒకే ఒక్క మనిషి లేదు. ఇప్పుడు ఆ చొక్కా నా బీరువాలో ఉంది. ఎందుకు దాస్తున్నానో తెలియదు, పారేయడం చేతకాదు.

అందుకని మేడగది గారూ, మీరు తగ్గించుకున్నా తగ్గించుకోకపోయినా, ఉంచుకున్నవాటికి ఒక చీటీ రాసి పెట్టండి. ఎవరిది, ఎక్కడిది, ఎందుకు దాచారు, అంతే. స్వీడిష్ భాషలో ఈ పనికి 'డోస్టెడ్నింగ్' అనే మాట ఉంది. 'డో' అంటే చావు, 'స్టెడ్నింగ్' అంటే ఇల్లు శుభ్రం చేయడం. వినడానికి కటువుగా ఉంటుంది. ఆ 20 రోజులు గడిపిన తర్వాత నాకు మాత్రం అందులో ఒక తల్లి తన పిల్లల మీద చూపే దయే కనిపిస్తుంది.

మేడగది

ఉత్తరగాలి, నీ పోస్టు మా వారికి చదివి వినిపించానమ్మా. ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి లేచి వెళ్లి ఆయన బల్ల సొరుగు ఒకటి తెరిచి చూశారు. మళ్లీ మూసేశారు.

చెక్కపని

మీ వారి వైపు నుంచి నేను మాట్లాడతాను. నాకు 70. వడ్రంగం నా వృత్తి కాదు, 40 ఏళ్లుగా చేతికి పట్టిన ఇష్టం. ఇంటి వెనక షెడ్డు నిండా పనిముట్లే. నా భార్య ఎప్పుడు కదిలించినా నేనూ "చూద్దాం" అనే అన్నాను.

ఆ మాట వెనక నాకు ఏముండేదో చెబుతాను. నా రంపాలు, ఉలులు, చిత్రికలు వెళ్లిపోతే, నేను ఒకప్పుడు ఏం చేయగలిగేవాణ్నో నాకు తప్ప ఇంకెవరికీ గుర్తుండదనే భయం. దాన్ని ఎవరూ అడగలేదు, అడిగినా అప్పట్లో చెప్పలేకపోయేవాణ్ని. అందరూ అడిగింది "వీటిలో ఏవి తీసేద్దాం?" అనే.

ఒకరోజు మా అమ్మాయి వేరే విధంగా అడిగింది. "నాన్నా, ఇక ముందు కూడా నువ్వు మానకుండా చేయాలనుకునే పని ఏది?" అంది. చాలాసేపు ఆలోచించాను. చిన్న పెట్టెలు, పీటలు చేస్తాను, బీరువాలూ మంచాలూ ఇక నా నడుం మోయదు అన్నాను. ఆ మాట నా నోట వచ్చాక పెద్ద రంపం యంత్రం నాకు అక్కర్లేదని ఇంకెవరూ చెప్పనవసరం లేకపోయింది. దాన్ని పని నేర్చుకుంటున్న ఒక కుర్రవాడికి ఇచ్చాను. మొదటి వారం రోజూ వెళ్లి అతనికి రంపం పళ్లు పదును పెట్టడం చూపించాను. ఇప్పుడు నా పనిముట్లన్నీ ఒక బల్ల, ఒక గోడ అంతే. పని ఆగలేదు.

మీ వారిని "ఏవి తీసేద్దాం" అని అడగకండి. మానలేని పని ఏమిటో అడిగి చూడండి.

నడకబాట

చెక్కపని గారూ, మీ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా గొప్పది. వృద్ధాప్యం మీద పరిశోధన చేసిన పాల్ బాల్టెస్, మార్గరెట్ బాల్టెస్ దంపతులు 1990లో దాదాపు ఇదే చెప్పారు. శక్తి తగ్గుతున్నప్పుడు కొన్నిటిని ఎంచుకోవాలి, వాటికే సాధన పెంచాలి, లోటును మరో ఉపాయంతో పూడ్చుకోవాలి అని. వారు చెప్పే ఉదాహరణ పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టీన్. 80 ఏళ్ల వయసులోనూ అంత బాగా ఎలా వాయిస్తున్నారని అడిగితే, తక్కువ రచనలు ఎంచుకుంటానని, వాటినే ఎక్కువగా సాధన చేస్తానని చెప్పాడు. వేగంగా వాయించవలసిన చోటు వచ్చే ముందు కాస్త నెమ్మదిస్తాడట, తర్వాతిది ఇంకా వేగంగా వినిపించేలా.

నేను ఫిజియోథెరపిస్టును, కాబట్టి ఇంటి సంగతి కూడా చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం పడిపోవడం వల్ల ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారు. అలా పడి ప్రాణాలు పోవడం 60 దాటినవారిలోనే ఎక్కువ. అయితే ఇల్లు చిన్నదైనంత మాత్రాన భద్రం కాదు. పెద్ద ఇంటి సామానంతా రెండు గదుల్లో కుక్కితే, నడవడానికి దారి లేని ఆ ఇల్లు పాత ఇంటికన్నా ప్రమాదం. నేను చూసిన దెబ్బల్లో చాలావరకు రాత్రిపూట మంచానికీ స్నానాలగదికీ మధ్య తగిలినవే. జారే చిన్న తివాచీ, నేల మీద పాకే వైరు, గుమ్మం దగ్గర అంగుళం ఎత్తు గడప. కొత్త ఇల్లు చూసేటప్పుడు ఆ దారి నడిచి చూడండి, మంచం మీద నుంచే దీపం స్విచ్చి అందుతుందా చూడండి. తలుపులు కొలవండి. చక్రాల కుర్చీకి కనీసం 80 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. ఇప్పుడు అవసరం లేదు కదా అనుకోకండి, తుంటి ఎముక విరిగినవారికి ఆ అవసరం ఒక్క పూటలో వస్తుంది.

మెట్ల గురించి కూడా. కృత్రిమ మోకాలి కీలులో కొలిచే పరికరం అమర్చి చూసినప్పుడు, నడకలో కీలు మీద శరీర బరువుకు సుమారు రెండున్నర రెట్లు, మెట్లు దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు భారం పడుతున్నట్టు తేలింది. మోకాళ్లు అరిగినవారికి అందుకే దిగడం కష్టం. మోకాళ్లు బాగున్నవారు మాత్రం భయపడి మెట్లు మానేస్తే కండ బలం తగ్గుతుంది. మీ ఇద్దరి మోకాళ్లూ చూపించుకుని ఆ తర్వాత నిర్ణయించుకోండి.

మర్రినీడ

మేడగది గారూ, మీకన్నా అయిదేళ్లు పెద్దదాన్ని. తొందరపడిన మనిషిగా చెబుతున్నాను.

మా వారు పోయిన ఆరు వారాలకే నేను ఇల్లు ఖాళీ చేశాను. "ఒక్కదానివి ఎలా ఉంటావమ్మా" అని పిల్లలు ప్రేమతోనే అన్నారు. నాకూ ఆ గోడల మధ్య ఊపిరి ఆడలేదు. చూసినవన్నీ ఇచ్చేశాను. ఆయన కళ్లజోడు కూడా. ఎవరికి ఇచ్చానో గుర్తు లేదు. ఏడాది తర్వాత దాని కోసం రాత్రిళ్లు వెతికాను, ఇచ్చేశానని తెలిసి కూడా.

అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. కొత్త ఇల్లు అన్ని విధాలా సౌకర్యంగానే ఉంది. కానీ పక్కింటావిడతో రోజూ ఉదయం నడిచే నడక పోయింది. 22 ఏళ్ల నడక అది. ఇంటి విస్తీర్ణం కొలిచాం, అద్దె లెక్క వేశాం, ఆవిడను ఏ లెక్కలోనూ వేయలేదు. నాకు నిద్ర పట్టక, ఆకలి లేక నెలల తరబడి కుంగిపోయాను. ఇల్లు మారిన పెద్దవారికి వచ్చే ఈ కుంగుబాటును నర్సింగ్ నిపుణులు 1992లోనే ఒక రోగ నిర్ధారణగా గుర్తించారని తర్వాత తెలిసింది. అప్పుడు తెలిస్తే నాకు మతి చలిస్తోందేమోనని అంత భయపడేదాన్ని కాదు.

వయసు పెరిగేకొద్దీ మనుషులు పరిచయాలు తగ్గించుకుని దగ్గరివారితోనే ఎక్కువ కాలం గడపాలనుకుంటారని లారా కార్‌స్టెన్‌సెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పారు. నా విషయంలో అది నిజం. నాకు మిగిలిన ఆ నలుగురిలో ఒకరిని నేనే దూరం చేసుకున్నాను. మీరు ఇల్లు వెతకబోయే ముందు, ఇద్దరూ కూర్చుని ఎవరెవరికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలో రాసుకోండి. దుఃఖంలో ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, వీలైతే ఒక ఏడాది ఏమీ ఇచ్చేయకండి.

ఒకేగది

నేను చాలా కాలంగా చదువుతూ ఉంటానే గానీ రాయను. ఇప్పుడు రాయాలనిపించింది.

నాకు 69. ఒంటరిని. జీవితమంతా ఒక్క గది అద్దె ఇళ్లలోనే గడిచింది. తగ్గించుకోవడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, ఇక్కడ రాసినవి చదువుతుంటే ఆ బాధ కూడా కొంత కలుగుతుంది. ఎవరినీ తప్పుపట్టడం లేదు. పాతకలం గారి మాటకు ఒక్కటి చేర్చాలని ఉంది. ఒకటికి రెండున్నవన్నీ తీసేయకండి. నా కళ్లజోడు విరిగినప్పుడు రెండోది లేక పది రోజులు మందు చీటీ చదవలేకపోయాను. అడగడానికి పక్కన మనిషి లేని ఇంట్లో రెండో కళ్లజోడు, రెండో తాళంచెవి, రెండో టార్చిలైటు ఉండి తీరాలి.

పాతకలం

ఒకేగది గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇద్దరున్న ఇంటిని మనసులో పెట్టుకుని రాశాను. ఆ జాబితా దిద్దుకుంటాను. మీరు తరచూ రాస్తూ ఉండండి.

తెల్లకాగితం

లెక్కల శాఖలో పనిచేసి విరమించాను. గదులు చూసే కంగారులో కాగితాలను వదిలేయకండి. నాకు ఒకప్పుడు నాలుగు బ్యాంకు ఖాతాలుండేవి, రెండింటిలో ఏళ్ల తరబడి లావాదేవీ లేదు. వాటిని మూసి రెండు చేసుకున్నాను. ఒక నోటుపుస్తకంలో ఖాతాలు, బీమా, ఇంటి పత్రాలు, ఏ మందులు వేసుకుంటున్నాం, ఏ మందు పడదు అన్నవి రాసి, అది ఎక్కడుందో ఇద్దరికి చెప్పాను. చేసిన పనులన్నిటిలోకీ నాకు ఎక్కువ నిద్ర ఇచ్చింది ఆ నోటుపుస్తకమే.

ఫోన్లలో, కంప్యూటర్లలో ఉన్నవి కూడా సామానే. మనం కొంతకాలం ఖాతా వాడకపోతే మన ఫోటోలు, ఉత్తరాలు ఎవరికి చేరాలో ముందే చెప్పి పెట్టే ఏర్పాటు గూగుల్‌లో 2013 నుంచి ఉంది. 3 నెలల నుంచి 18 నెలల దాకా గడువు మనమే పెట్టుకోవచ్చు, 10 మంది దాకా పేర్లు ఇవ్వవచ్చు. ఆపిల్ ఫోన్లలో వారసుల పేరు నమోదు చేసే వీలు 2021లో వచ్చింది. పాత కంప్యూటరు ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఫైళ్లు తొలగించినంత మాత్రాన సమాచారం పోదు, డిస్కును పూర్తిగా తుడిపించాలి.

మేడగది గారి ఆల్బముల గురించి. జిగురు పూసిన అట్టల మీద ప్లాస్టిక్ పొర ఉండే రకమైతే, చిన్న ఇంటికి మారినా మారకపోయినా ఫోటోలను వాటిలో ఉంచకండి. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ ఫోటోను పాడుచేస్తుంది. బలవంతంగా పీకితే చిరుగుతుంది, పళ్లు శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని ఫోటో వెనక నుంచి మెల్లగా లాగితే విడివడుతుంది. స్కాన్ చేయించేటప్పుడు చిన్న ఫోటోలకు అంగుళానికి 600 చుక్కల (డీపీఐ) స్పష్టత అడగండి, తర్వాత పెద్దవి చేసుకోవచ్చు. వీడియో టేపులుంటే వాటిని అన్నిటికన్నా ముందు మార్పించండి. టేపు పాడవడం ఒక ఎత్తు, దాన్ని ఆడించే యంత్రం దొరకడం ఇంకో ఎత్తు.

ఉత్తరగాలి

తెల్లకాగితం గారూ, ఆ నోటుపుస్తకం మాట చదివి ఇప్పుడే మా మామగారికి ఫోను చేశాను.

వానాకాలం

మా నాన్నగారిది వేరే సమస్య. పాత పత్రికలు, ఖాళీ డబ్బాలు, చెడిపోయిన ఫ్యాన్లు. మంచం మీద కూడా నిండిపోయి కుర్చీలో నిద్రపోతున్నారు. ఆయన లేనప్పుడు తీసేయిద్దామని తమ్ముడంటున్నాడు. ఎవరైనా చేశారా?

నడకబాట

చేయకండి. ఆయన తిరిగి వచ్చి చూసుకున్న రోజు మీ మీద నమ్మకం పోతుంది, గది మళ్లీ నిండుతుంది. మంచం మీద పడుకోలేనంతగా చేరడం మామూలు మమకారం కాకపోవచ్చు. వస్తువులు వదలలేని ఈ స్థితిని 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ పుస్తకం అయిదో కూర్పు ఒక ప్రత్యేకమైన రుగ్మతగా చేర్చింది. చికిత్స ఉంది. ముందు ఒక మానసిక వైద్యుణ్ని కలవండి. ఈలోగా పొయ్యి చుట్టూ, వాకిలి దాకా దారి మాత్రం ఖాళీగా ఉండేలా ఆయనను ఒప్పించండి. కారణం నిప్పు అని చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

మేడగది

నాలుగు నెలలకు మళ్లీ వస్తున్నాను. మీ అందరి మాటలూ కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

చెక్కపని గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. రేడియోలు బాగుచేయడం మానలేనన్నారు, అది నాకు తెలిసిందే. ఆ తర్వాత అన్న మాట తెలియదు. "ఆ గదులు లేకపోతే పిల్లలు ఒక పూట వచ్చి వెళ్లిపోతారు, రాత్రి ఉండరు" అన్నారు. నాలుగేళ్ల "చూద్దాం" లోపల ఉన్నది అది. నేనేమో ఆయనకు బద్ధకమనుకున్నాను.

పిల్లలిద్దరినీ పిలిచి ఆ మాట వాళ్ల ముందే పెట్టాం. మా అబ్బాయి చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. హాల్లో పరుపు వేసుకుని పడుకుంటాను నాన్నా అన్నాడు. అతని గదిలోని మంచం, బల్ల, పుస్తకాలు ఏవీ వద్దన్నాడు. వద్దన్నందుకు నాకు కొంచెం గుచ్చుకుంది. ఆయన మరలు, మేకులు సైజుల వారీగా పెట్టుకునే రేకు పెట్టె మాత్రం అడిగాడు. చిన్నప్పుడు సెలవుల్లో వాటిని ఏరి సర్దడం వాడి పని. ఆయన ఇవ్వలేదు. "నేనింకా వాడుతున్నాను, తర్వాత నీదే" అన్నారు. పెట్టె మూత లోపల వాడి పేరు చీటీ మీద రాసి అంటించారు.

రోజుకొక సొరుగు లెక్కన 70 సొరుగులు, అరలు అయ్యాయి. అత్తగారి ట్రంకు తెరిచాం. అందులో ఉన్న ప్రతిదాని గురించి ఆయన చెబుతుంటే నేను రాశాను. ఆయనకూ తెలియనివి మూడు వస్తువులున్నాయి. వాటి చీటీ మీద "తెలియదు" అనే రాశాను. ఉత్తరగాలి, అది రాస్తుంటే నువ్వు గుర్తొచ్చావమ్మా.

కుట్టుమిషను నాతోనే వస్తుంది. ఉత్తరాల పెట్టె ఇంకా తెరవలేదు.

మర్రినీడ గారు చెప్పిన జాబితా కూడా రాశాం. ఏడు పేర్లు వచ్చాయి. అందుకే వేరే చోట చవకగా దొరికిన ఇల్లు వదిలేసి, ఇక్కడికి రెండు వీధుల అవతల ఒకటి చూశాం. మీటరుకు 2 సెంటీమీటర్ల లెక్కన ఆ గదులను గీతల కాగితం మీద గీశాను, సామాను కూడా అదే కొలతలో కత్తిరించి అమర్చి చూశాను. పెద్ద సోఫా పట్టదు, పట్టినా నడక దారి ఉండదు. అది ఉండిపోతుంది.

ఒక్క చిక్కు ఉంది. నడకబాట గారూ, ఆ ఇంట్లో స్నానాలగది తలుపు కొలిస్తే 68 సెంటీమీటర్లే ఉంది. పైగా లోపలికి తెరుచుకుంటుంది. మిగతావన్నీ నచ్చాయి. దీని కోసం వదులుకోవాలా?

నడకబాట

అప్పుడే వదులుకోకండి. ముందుగా ఆ గోడ పైకప్పు భారం మోసేదా, మధ్యలో కట్టిన అడ్డుగోడా అని ఇంజనీరుతో చూపించండి. అడ్డుగోడ అయితే గుమ్మం వెడల్పు చేయడం పెద్ద పని కాదు. తలుపు మాత్రం ఎలాగైనా మార్పించండి. మనిషి లోపల పడితే లోపలికి తెరిచే తలుపుకు అడ్డం పడతాడు, బయటి నుంచి తెరవడం కుదరదు. బయటికి తెరిచేదో, పక్కకు జరిగేదో పెట్టించండి. గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది అయి ఉండాలి. ఒప్పందం రాసుకునే ముందే ఇంటి యజమానితో ఈ మార్పుల సంగతి మాట్లాడండి.

మేడగది

రేపు ఉదయం కలుస్తున్నాం. మా వారు కొలత టేపు ఇప్పుడే జేబులో పెట్టుకున్నారు.